పోక్సో కేసుల్లో పిల్లలకిచ్చిన రక్షణ అప్పీలు దాకా ఉండాలి: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను తెలంగాణలో ఒక జిల్లా కోర్టులో న్యాయవాదిని. పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే చట్టం) కేసుల్లో బాధిత పిల్లల తరఫున నిలబడటం నా వృత్తిలో పెద్ద భాగం. పిల్లలపై జరిగే లైంగిక నేరాల గురించి పార్లమెంటులో గానీ టీవీలో గానీ చర్చ వచ్చినప్పుడల్లా అది శిక్షలు పెంచడం దగ్గర మొదలై అక్కడే ముగుస్తోంది. 2019 సవరణతో మరణశిక్ష కూడా చట్టంలోకి వచ్చింది కాబట్టి ఆ దారిలో ఇక వెళ్లగలిగినంత దూరం వెళ్లిపోయాం. నేను ఈ లేఖ రాస్తున్నది శిక్ష ఎంత ఉండాలన్నదాని గురించి కాదు. తీర్పు వెలువడిన తర్వాత ఆ కేసు హైకోర్టులో ఏమవుతుందో, అక్కడ ఆ పిల్ల లేదా పిల్లవాడి మాటకు ఏ విలువ మిగులుతుందో మీ దృష్టికి తేవడానికి రాస్తున్నాను.

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం విచారణ కోర్టులో పిల్లల చుట్టూ ఎంతో శ్రద్ధగా కట్టిన రక్షణ. పోలీసు అధికారి యూనిఫాంలో ఉండి వాంగ్మూలం తీసుకోకూడదు. పిల్లలను నిందితుడి ఎదుట పడనీయకూడదు. లాయర్లు నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్నలన్నీ న్యాయమూర్తి ద్వారానే అడగాలి. మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు. కోర్టు కేసు స్వీకరించిన ముప్పై రోజుల్లో పిల్లల సాక్ష్యం నమోదు కావాలి, వీలైనంత వరకు ఏడాదిలోపు విచారణ ముగియాలి. ఇవన్నీ ప్రతి చోటా సక్రమంగా అమలవుతున్నాయని నేను అనను. అయినా చట్టంలో రాసి ఉన్నాయి కాబట్టి వాటిని చూపించి అడగగలుగుతున్నాం. హైకోర్టులో అప్పీలు దాఖలైన రోజు నుంచి చూపించడానికి మా చేతిలో దాదాపు ఏమీ లేదు.

అప్పీలు గడువు సంగతి ముందుగా చెబుతాను. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 415వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, నేరాలను, శిక్షలను నిర్వచించే భారతీయ న్యాయ సంహితలోని 64, 65, 66, 67, 68, 70, 71 సెక్షన్ల కింద విధించిన శిక్షపై వచ్చిన అప్పీలును ఆరు నెలల్లో తేల్చాలి. ఆ జాబితాలో పోక్సో చట్టం పేరు లేదు. ఇది శాసనకర్తలకు తట్టని విషయం కూడా కాదు. అదే సంహిత 193వ సెక్షన్‌లో, దర్యాప్తు రెండు నెలల్లో పూర్తి కావలసిన నేరాల వరుసలో, పోక్సోలోని 4, 6, 8, 10 సెక్షన్లను స్పష్టంగా చేర్చారు. దర్యాప్తు అధికారికి పెట్టిన గడువు అప్పీలు దగ్గరకు వచ్చేసరికి మాయమైంది.

దీని ఫలితం ముందుగా మగపిల్లల మీద పడుతుంది. న్యాయ సంహితలోని అత్యాచార సెక్షన్లు స్త్రీలకు, ఆడపిల్లలకు మాత్రమే వర్తిస్తాయి. పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌కు కొత్త సంహితలో ప్రత్యామ్నాయం పెట్టలేదు కాబట్టి, లైంగిక దాడికి గురైన మగపిల్లవాడికి ఈ రోజు పోక్సో తప్ప లైంగిక నేరాల చట్టం మరొకటి లేదు. అంటే ఆ పిల్లవాడి కేసులో ఆరు నెలల గడువు ఎన్నటికీ వర్తించదు. ఆడపిల్లల కేసుల్లో కూడా చిక్కు ఉంది. ఒకే చర్య రెండు చట్టాల కింద నేరమైతే, ఏ చట్టంలో శిక్ష ఎక్కువో దాని కిందే శిక్షించాలని పోక్సో 42వ సెక్షన్ చెబుతోంది. అందుకే న్యాయమూర్తులు రెండింటి కిందా దోషిగా నిర్ధారించి, శిక్షను పోక్సో కింద మాత్రమే విధించడం తరచుగా జరుగుతుంది. అలాంటప్పుడు 415ను అక్షరాలా చదివితే, న్యాయ సంహిత కింద విధించిన శిక్షే లేదు కాబట్టి ఆరు నెలల గడువూ లేదు. ఇక అసభ్యంగా తాకడం వంటి, పోక్సో 8, 10 సెక్షన్ల కింద శిక్షపడే నేరాలు అసలు ఆ లెక్కలోకే రావు.

హైకోర్టులు తలచుకుంటే త్వరగా తేల్చలేవా అంటే తేల్చగలవు. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపపై జరిగిన ఘోరం మా రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేదు. ఆ కేసులో విచారణ కోర్టు అదే ఏడాది ఆగస్టులో మరణశిక్ష విధించింది. మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించడం తప్పనిసరి కాబట్టి ఫైలు వెంటనే పైకి వెళ్లింది, నవంబరులో హైకోర్టు దానిని జీవితాంతం జైలుగా మార్చుతూ తీర్పు ఇచ్చింది. నేరం జరిగిన ఆరు నెలల్లోపే రెండు కోర్టులు తేల్చేశాయి. ఆ వేగాన్ని నేను తప్పుపట్టడం లేదు. బతికి ఉండి, కోర్టుకు వచ్చి, తలవంచుకునైనా జరిగింది చెప్పిన పిల్లలకు అందులో సగం వేగమైనా ఎందుకు దక్కకూడదని అడుగుతున్నాను.

అప్పీలు ఏళ్ల తరబడి నడిచే చోట శిక్ష నిలుపుదల దరఖాస్తు తప్పకుండా వస్తుంది. పదేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో దోషిని విడుదల చేసే ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలని సురక్షా సంహిత 430వ సెక్షన్ నిబంధన పెట్టింది. బాధిత కుటుంబానికి తెలియజేయాలన్న మాట అక్కడ లేదు. బెయిలు విషయంలో 483వ సెక్షన్ ఫిర్యాదుదారు హాజరును తప్పనిసరి చేసినా, అదీ న్యాయ సంహితలోని కొన్ని సెక్షన్లకే పరిమితం. చాలా కేసుల్లో నిందితుడు పక్కింటివాడో, బంధువో, పాఠాలు చెప్పినవాడో. శిక్షపడి జైలుకు వెళ్లినవాడు ఒక ఉదయం వీధిలో కనిపిస్తేనే ఇంటివాళ్లకు విడుదల సంగతి తెలియడం నా అనుభవంలో అరుదు కాదు. అప్పటికి పదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయి బడి మానేస్తే అందుకు బాధ్యులెవరో ఏ తీర్పులోనూ ఉండదు. నేరం జరిగిన తర్వాత ప్రతి దశలోనూ బాధితులకు తమ మాట వినిపించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో లఖీంపూర్ ఖేరీ కేసులో చెప్పింది. ఆ హక్కు కాగితం దాటి రావాలంటే ముందు కబురు అందాలి కదా!

కబురు అందించే మనిషి ఎవరన్నది చిన్న విషయం కాదు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం బాలల సంక్షేమ కమిటీ నియమించే సహాయక వ్యక్తి పిల్లలకు దర్యాప్తు, విచారణ ముగిసే దాకా తోడుంటారు. అప్పీలు అనే మాట ఆ నిబంధనలో లేదు. సహాయక వ్యక్తుల వ్యవస్థను బలపరచాలని 2023లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన తర్వాత కూడా వారి తోడు విచారణ కోర్టు తీర్పుతోనే ముగుస్తోంది. పిల్లలకు తమ లాయరును పెట్టుకునే హక్కును పోక్సో 40వ సెక్షన్ ఇచ్చింది గానీ, ఎక్కడో మారుమూల ఊళ్లో కూలికి వెళ్లే తల్లి హైదరాబాద్‌లోనో అమరావతిలోనో హైకోర్టు లాయరును ఎలా వెతుక్కుంటుంది? నాగపూర్‌లో పన్నెండేళ్ల బాలిక కేసు గుర్తుచేసుకోండి. దుస్తుల పైనుంచి తాకితే పోక్సో కింద లైంగిక దాడి కాదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టాక సాక్షాత్తూ అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు, అదే ఏడాది నవంబరు 18న ఆ తీర్పు రద్దయింది. ప్రతి పిల్ల కోసం అటార్నీ జనరల్ రాలేరు. తప్పు తీర్పు రాకముందే ఆ పిల్ల తరఫున ఒక న్యాయవాది హైకోర్టులో నిలబడి ఉండటం అంతకంటే సులువైన పని.

ఇక సాక్ష్యం రాసే పద్ధతి. నా దృష్టిలో అప్పీళ్లలో కేసులు కూలిపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. అప్పీలు కోర్టు సాక్షిని చూడదు, రికార్డును మాత్రమే చదువుతుంది. మన కోర్టుల్లో పిల్లలు తమ ఊరి తెలుగులో చెప్పినదాన్ని న్యాయమూర్తి ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తే స్టెనోగ్రాఫర్ టైపు చేస్తారు. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని మామూలుగా కథనరూపంలోనే రాయాలని, ప్రశ్న, జవాబు రూపం న్యాయమూర్తి విచక్షణ అని సురక్షా సంహిత 311వ సెక్షన్ అంటోంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు వచ్చిందో, ఎంతసేపు మౌనంగా ఉందో, చేత్తో ఎక్కడ చూపించిందో, ఏ క్షణంలో ఏడ్చిందో, ఏ ప్రశ్న అర్థం కాక తల ఊపిందో ఆ కాగితాల్లో కనిపించదు. మూడేళ్ల తర్వాత అప్పీలులో దోషి తరఫు లాయరు పోలీసు వాంగ్మూలాన్ని, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని, కోర్టులోని సాక్ష్యాన్ని పక్కపక్కన పెట్టి తేడాలు చూపిస్తారు. ఆ మూడింటినీ రాసిన చేతులు వేరు, భాష మార్చిన మనుషులు వేరు. నింద మాత్రం ఏడేళ్ల పిల్ల మీద పడుతుంది.

చట్టసూత్రాల్లో లోపమేమీ లేదు. ఎనిమిదేళ్ల బాలిక సాక్ష్యం గురించి 1951లోనే రామేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు, బలపరిచే సాక్ష్యం ఉండి తీరాలన్నది చట్టనియమం కాదని, అది జాగ్రత్త కోసం పాటించే వివేకమని వివరించింది. సాక్షికి కనీస వయసు అంటూ ఏదీ లేదని, పిల్లలకు చెప్పించారన్న అనుమానాన్ని ఎలా పరీక్షించాలో 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ కేసు ఒకదానిలో మళ్లీ విడమరిచి చెప్పింది. అయితే ఎవరైనా చెప్పించారా లేదా అన్నది పరీక్షించడానికి అప్పీలు న్యాయమూర్తి ముందు పిల్ల గొంతు ఉండాలి కదా? అందుకే పోక్సో కేసుల్లో పిల్లల సాక్ష్యమంతా దృశ్య, శ్రవణ రూపంలో రికార్డు చేయడం, ప్రశ్నలూ జవాబులూ పిల్లల భాషలోనే నమోదు చేయడం తప్పనిసరి చేయాలి. ఆ రికార్డు సీలు వేసి అప్పీలు కోర్టుకు మాత్రమే అందే ఏర్పాటు ఉండాలి. 2018లో హైదరాబాద్‌లోని భరోసా కేంద్రంలో పిల్లలకు అనుకూలమైన కోర్టు గది ఏర్పాటైంది, పిల్లల వంటి బలహీన సాక్షుల సాక్ష్యం నమోదు చేసే కేంద్రాలను అన్ని జిల్లాల్లో నెలకొల్పాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. గదులు వస్తున్నాయి, కెమెరాలూ ఉన్నాయి, వాటిని వాడి తీరాలన్న నిబంధన ఒక్కటే లేదు.

ఇంకో అడుగు వేయవచ్చు. దివ్యాంగుల విషయంలో మేజిస్ట్రేటు వీడియోలో నమోదు చేసిన వాంగ్మూలాన్నే, సాక్షిని పిలిచిన పక్షం మొదట చేసే ప్రశ్నింపు అయిన చీఫ్ ఎగ్జామినేషన్‌గా పరిగణించి, విచారణలో క్రాస్ (ఎదుటి పక్షం ప్రశ్నించడం) మాత్రమే చేసే వెసులుబాటు సురక్షా సంహిత 183వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది. పన్నెండేళ్లలోపు పిల్లలందరికీ దాన్ని విస్తరించాలని కోరుతున్నాను. ఇంగ్లండులో 1999 చట్టం క్రాస్‌ను కూడా ముందే రికార్డు చేసే వీలు కల్పించింది. అలా చేస్తే అప్పీలు కోర్టు పునర్విచారణకు ఆదేశించినా, ఎదిగి పెళ్లీడుకొచ్చిన అమ్మాయిని మళ్లీ బోనెక్కించనక్కర్లేదు.

వయసు నిర్ధారణ గురించి క్లుప్తంగా చెబుతాను. బడి నుంచి తెచ్చిన టీసీ ఒక్కటే వయసుకు రుజువుగా చాలదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ లోపం అప్పీలులో బయటపడితే సరిదిద్దుకోవడానికి అప్పటికి వ్యవధి ఉండదు. పుట్టిన తేదీ పత్రాలు రప్పించి, అభియోగాలు మోపేలోపే ప్రత్యేక కోర్టు వయసుపై కారణాలతో నిర్ణయం రాయాలన్న నియమం పెడితే ఎన్నో కేసులు నిలుస్తాయి.

నేను కోరేవి దోషుల హక్కును తగ్గించేవి కావు. పోక్సో 29వ సెక్షన్‌లో నిందితుడు నేరం చేసినట్టే భావించాలన్న నియమం ఉన్నా, ప్రాథమిక వాస్తవాలను ప్రాసిక్యూషనే ముందు నిరూపించాలని కోర్టులు చెబుతూ వచ్చాయి, అది అలాగే ఉండాలి. తీవ్రమైన నేరాలకు కనీస శిక్ష ఇరవై ఏళ్లున్న చట్టంలో ఒక నిర్దోషికి శిక్ష పడితే, అతడి అప్పీలు ఏడేళ్లకు విచారణకు రావడం కూడా అన్యాయమే. వీడియో రికార్డు అబద్ధపు సాక్ష్యాన్ని కూడా అంతే స్పష్టంగా చూపిస్తుంది. త్వరగా వచ్చే అప్పీలు తీర్పు ఇద్దరికీ అవసరం.

సురక్షా సంహిత హోంశాఖది, పోక్సో నిబంధనలు మహిళా, శిశు సంక్షేమ శాఖవి, ఫాస్ట్ ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకం మీది. మూడు శాఖల మధ్య ఈ విషయం ఇన్నాళ్లూ ఎవరిదీ కాకుండా పోయింది. ఆ కోర్టులు ఒక్కొక్కటి ఏడాదికి 165 కేసులు పరిష్కరించాలని మీ శాఖ లక్ష్యం పెట్టింది. కింద తీర్పులు వేగంగా వచ్చేకొద్దీ పైన అప్పీళ్లు పేరుకుంటాయి, ఆ పథకంలో హైకోర్టుల కోసం ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు. పోక్సో విచారణల పురోగతిని చూడటానికి ముగ్గురు న్యాయమూర్తుల కమిటీలు వేయాలని 2018లో సుప్రీంకోర్టు హైకోర్టులను కోరింది. ఆ కమిటీల పరిధిలోకి అప్పీళ్లను చేర్చమని మీరు ప్రధాన న్యాయమూర్తులకు రాయవచ్చు, దానికి పార్లమెంటు అక్కర్లేదు. 415, 430 సెక్షన్లలో పోక్సో పేరు చేర్చే సవరణకు మాత్రం పార్లమెంటు కావాలి. హోంశాఖతో సంప్రదించి రాబోయే సమావేశాల్లోనే ఆ బిల్లును ప్రవేశపెట్టించాలని, అప్పీలు ముగిసే దాకా సహాయక వ్యక్తి ఉండేలా నిబంధన మార్చమని శిశు సంక్షేమ శాఖకు మీరే లేఖ రాయాలని అభ్యర్థిస్తున్నాను.

భవదీయ,
తెలంగాణకు చెందిన ఒక జిల్లా కోర్టు న్యాయవాది