నీటి పరిశోధనకు నిధులు: మీ రాష్ట్రంలోనే అడగండి

అందరికీ నమస్తే. అమెరికాలో హైడ్రాలజీ, సివిల్ చదువుతున్న మన పిల్లలు నిధులనగానే పెద్ద ఏజెన్సీల వైపే చూస్తున్నారు. 1964 జలవనరుల పరిశోధనా చట్టం కింద ప్రతి రాష్ట్రంలో ఒక జలవనరుల పరిశోధనా సంస్థ ఉంది, ఎక్కువగా ల్యాండ్ గ్రాంట్ (ఫెడరల్ భూమి సాయంతో ఏర్పడిన) యూనివర్సిటీలోనే. డీసీ, ప్యూర్టోరికో, గ్వామ్, వర్జిన్ ఐలాండ్స్‌తో కలిపి మొత్తం 54. డబ్బు యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) ద్వారా వస్తుంది, కానీ ఆ చట్టంలోని 104(బి) సెక్షన్ కింద ఇచ్చే గ్రాంట్లకు అప్లై చేయాల్సింది మీ రాష్ట్ర సంస్థకే. మొత్తాలు చిన్నవే. అయినా బోరు నీటిలో నైట్రేట్ లాంటి స్థానిక సమస్యకు, తొలి డేటాకు బాగా పనికొస్తాయి. అసలు టెన్షన్ మ్యాచింగ్ దగ్గరే: ప్రతి ఫెడరల్ డాలరుకు అంతే మొత్తం ఫెడరల్ కాని నిధుల నుంచి చూపాలి. 2021కి ముందైతే రెండింతలు! గైడ్ జీతంలో వాటా, యూనివర్సిటీ వదులుకునే ఓవర్‌హెడ్ (పరోక్ష ఖర్చుల వాటా) లెక్కలోకి రావచ్చు. గడువు రాష్ట్రానికో రకం కాబట్టి ముందే మీ గైడ్‌ని కదపండి.