అమ్మలూ, గూళ్ల మీద మాత్రం డ్రోన్ వద్దు

అమ్మలూ,

నిన్న ఫోన్లో సిగ్నల్ తెగిపోతూ ఉండటంతో నేను చెప్పాలనుకున్నది సగం కూడా నీకు చేరలేదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే మీటింగుకీ మీటింగుకీ మధ్య చదివేసి ఊరుకుంటావని ఉత్తరంలాగే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు, మీ టీం వాళ్లకి కూడా చదివి వినిపించు.

సంక్రాంతి సెలవుల్లో మీవాళ్లని తీసుకొచ్చి తేలినీలాపురంలో గూడబాతుల గూళ్ల మీద డ్రోన్ ఎగరేస్తామని, ఆ ఫొటోలతో ఏఐకి పక్షుల్ని లెక్కపెట్టడం నేర్పిస్తామని అన్నావు కదా. వినగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన శ్రీకాకుళం జిల్లా నుంచి చదువుకుని వెళ్లిన పిల్లలు ఎంతమంది లేరు, వాళ్లలో ఇక్కడి పిట్ట గురించీ తాబేలు గురించీ ఆలోచించేవాళ్లు ఎందరు? కానీ ఆ ఒక్క పని మాత్రం వద్దమ్మా. జనవరి అంటే గూళ్లలో పిల్లలుండే కాలం. నువ్వు చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశావు కదా, చెట్టు కొమ్మల మీద పుల్లలతో కట్టిన గూళ్లు, తల్లి చేపలు తెచ్చి వాలగానే పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి తినడం, ఆ కుదుపుకి కొమ్మ ఊగడం. అలాంటప్పుడు నెత్తిమీద ఏదో గుయ్యిమంటూ వస్తే తల్లి బెదిరి లేస్తుంది, పిల్ల కింద పడుతుంది. పడిన పిల్ల తనంతట తాను మళ్లీ గూటికి ఎక్కలేదు.

ఇది నా భయం ఒక్కటే కాదు. 2021 మేలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా రక్షిత ప్రాంతంలో ఎవరో ఎగరేసిన డ్రోన్ గూళ్ల మధ్య కూలిపోయింది. వేటాడే పక్షేదో మీద పడిందనుకుని టెర్న్ అనే సముద్రపు పక్షులు వేలల్లో ఒక్కసారిగా లేచిపోయాయి, మళ్లీ తిరిగి రాలేదు. దాదాపు 1,500 గుడ్లు ఆ ఇసుక మీద అలాగే ఉండిపోయాయి. బాగా ఎత్తులో ఎగరేస్తే వాటికి తెలియదులే అంటావేమో, దానికి నువ్వు పంపిన పరిశోధన పేపర్లలోనే జవాబు ఉంది. మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్ల ఒంట్లో గుండె వేగాన్ని కొలిచే పరికరాలు పెట్టి పైన డ్రోన్ తిప్పారు, 2015లో అచ్చయిన పరిశోధన అది. చాలావరకు ఎలుగులు కదల్లేదు, పారిపోలేదు, చూసేవాడికి ఏమీ జరగనట్టే ఉంది. లోపల మాత్రం, పిల్లలున్న ఒక తల్లి ఎలుగు గుండె నిమిషానికి 41 నుంచి 162కి ఎగబాకింది! కాబట్టి వీడియోలో పక్షి కదల్లేదు, దానికే ఇబ్బందీ లేదు అని రిపోర్టులో రాయడానికి వీల్లేదు.

అలాగని లెక్క మానేయమని కాదు. వాచ్ టవర్ మీద జూమ్ బాగా ఉన్న కెమెరా ఒకటి బిగించి, రోజూ ఒకే సమయానికి ఒకే కోణంలో తీసిన ఫొటోలని మీ ఏఐకి ఇవ్వండి, ఏ గూట్లో ఎన్ని పిల్లలున్నాయో అదే చెబుతుంది. డ్రోన్ కావాలంటే పక్షులన్నీ వెళ్లిపోయాక ఎండాకాలంలో రండి, ఖాళీ గూళ్లని పైనుంచి ఫొటో తీసి ఏ చెట్టు మీద ఎన్ని కట్టాయో, ఏ చెట్టు ఎండిపోతోందో మ్యాప్ చెయ్యండి. అది ఊళ్లోవాళ్లకి కూడా పనికొస్తుంది, వచ్చే ఏడాదికి ఎక్కడ మొక్కలు నాటాలో తెలుస్తుంది. ఇంకో సంగతి గుర్తుంచుకో. 2021 చివర్లో, 2022 మొదట్లో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో నులిపురుగులు చేరి చనిపోయాయని పశువైద్యులు తేల్చారు, అవి తిన్న చేపల నుంచే వచ్చాయి. అలాంటి జబ్బు పైనుంచి చూస్తే కనపడదు. కానీ రోజూ చూసే కెమెరా అయితే, పెద్ద పక్షి ఒకే కొమ్మ మీద రెండు రోజులుగా మెడ వాల్చి కూర్చుందని మొదటి పక్షి దగ్గరే పట్టగలదు, అప్పుడు డాక్టర్ని పిలవడానికి టైం ఉంటుంది. మీరు అది నేర్పించండి దానికి. పక్షులు ఎన్ని ఉన్నాయో చెప్పడం కంటే అది పెద్ద పని.

డ్రోన్ నిజంగా కావలసిన చోటు మన సముద్రం ఒడ్డు. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, అంత ఒడ్డుని రాత్రిపూట టార్చి పట్టుకుని నడిచి కాపలా కాయాలంటే ఎంతమంది కావాలో ఆలోచించు. ఆలివ్ రిడ్లే తాబేలు చీకట్లో పైకి వస్తుంది, వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి వందకు పైగా గుడ్లు పెడుతుంది, ఇసుక కప్పేసి తన ఒంటితోనే దబదబా అదిమి, వచ్చిన దారిన సముద్రంలోకి వెళ్లిపోతుంది. తెల్లారేసరికి నీళ్ల దగ్గర నుంచి గొయ్యి దాకా, మళ్లీ వెనక్కి, సన్నటి టైరు పోయినట్టు జాడ మిగులుతుంది. ఆ జాడ గాలికి చెరిగిపోయేలోపు, కుక్కలూ నక్కలూ వాసన పట్టేలోపు మనిషి అక్కడికి వెళ్లాలి, గుడ్లు తీసి హేచరీలో, అంటే కంచె వేసి కాపాడే ఇసుకలో, పాతాలి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇక్కడ థర్మల్ కెమెరా అంటూ డబ్బు తగలేయకు తల్లీ, తాబేలు ఒంట్లో వేడి మనలా ఉండదు, రాత్రి ఇసుకకీ దానికీ పెద్ద తేడా కనపడదు. మామూలు కెమెరాతో, వెలుగు రాగానే, నీళ్ల అంచు వెంట ఎగరేసి జాడల్ని పట్టించండి. ఏ జాడలో వచ్చి వెళ్లిన గుర్తు మాత్రమే ఉందో, ఏ జాడ చివర గొయ్యి ఉందో మీ ఏఐ చెప్పగలిగితే ఆ కాపలా కుర్రాళ్లకి ఎన్ని మైళ్ల నడక తప్పుతుందో.

కోస్టారికాలోని ఓస్టియోనల్ దగ్గర ఇదే తాబేలు మీద చేసిన పని నువ్వే కదా పంపావు. 2019లో వచ్చింది అది. డ్రోన్ ఫొటోల్లో మనుషులు లెక్కపెట్టినదానికంటే ఏఐ 8 శాతం ఎక్కువ తాబేళ్లని పట్టింది, దాదాపు 30 లక్షల ఫొటో ముక్కలు కంటితో చూడాల్సింది 45 వేలకి తగ్గింది. నాకు నచ్చింది ఆ చివరి మాటే, ఆ 45 వేలూ మళ్లీ మనిషే చూడాలి. నురగని తాబేలు అనుకుంటుంది, తాబేలుని నీడ అనుకుంటుంది. మన దేశంలో 2018 పులుల లెక్కింపులో కూడా కెమెరాలు తీసిన ఫొటోలు 3.48 కోట్లు, అందులో పులి ఉన్నవి 76,651. అంత గడ్డిలోంచి పులిని ఏరడానికి మెషీన్ కావాలి, సందేహం లేదు. ఏరిన తర్వాత చారలు చూసి అవునని చెప్పేవాడు కూడా కావాలి. మన ఒడ్డున ఆ పని చేయగలవాడు ఇప్పటికే కాపలా కాస్తున్న మత్స్యకార కుర్రాడు. జాడ చూడగానే తాబేలు గుడ్లు పెట్టిందా, పెట్టకుండా తిరిగి వెళ్లిపోయిందా అన్నది వాడికి తెలుసు. మీ డేటాకి లేబుల్ పెట్టే పని, అంటే ఏ ఫొటోలో ఏముందో రాసే పని, బెంగళూరులో ఎవరికో కాకుండా వాడికి ఇవ్వండి, ఆ పనికి జీతం కూడా ఇవ్వండి.

ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ల సంగతి నీకు తెలుసు. ట్రాలర్లనే పెద్ద మరపడవల వలలో చిక్కుకుంటే అవి పైకి వచ్చి ఊపిరి తీసుకోలేవు, మునిగి చస్తాయి. వలలోంచి తాబేలు బయటపడే పరికరం ఉంది, టెడ్ అంటారు, పెట్టుకునేవాళ్లు తక్కువ. మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టేదేమో అంతకు ముందే, జనవరి నుంచి మార్చి వరకూ. కాబట్టి ఏ రోజు ఏ ఒడ్డున ఎన్ని కళేబరాలు వచ్చాయో తేదీతో సహా మ్యాప్ మీద పడితే, ఆ వారం ఆ నీళ్లలో ఏ పెద్ద పడవలు తిరిగాయో అడగడానికి అధికారుల చేతిలో ఒక ఆధారం ఉంటుంది. చిన్న పడవలవాళ్లని మాత్రం దొంగల్లా వీడియో తియ్యకండి. వాళ్లు మీవైపు లేకపోతే మీ డ్రోన్ ఒక సీజన్ కూడా నడవదు.

ఏనుగులు, ఎలుగుల విషయంలో నాకు వేరే టెన్షన్ ఉంది. అక్కడ జంతువు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాదు. చీకట్లో ఏనుగు ఒంటి వేడి థర్మల్ కెమెరాకి దీపంలా కనిపిస్తుంది. కనిపించాక ఏం చేస్తారు అన్నదే అసలు ప్రశ్న. 2023 మేలో భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న మండలం అది. ఏనుగు ఫలానా తోటలో ఉందన్న మెసేజ్ అటవీశాఖకి వెళ్తే సరిపోదు, ఆ లైను కరెంటు తీసేసే లైన్‌మాన్ ఫోన్ కూడా మోగాలి. కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో 2024 నుంచి రైలు పట్టాల పక్కన 12 టవర్ల మీద ఏఐ కెమెరాలు పెట్టారు, ఏనుగు పట్టాల వైపు వస్తుంటే ఆ కబురు రైలు నడిపే లోకో పైలట్ దాకా వెళ్తుంది, అతను వేగం తగ్గిస్తాడు. బండిని ఆపగలిగే మనిషికి కబురు అందుతోంది కాబట్టే ఆ ఏర్పాటు పని చేస్తోంది.

ఉద్దానంలో ఎలుగులూ అంతే. పనసపళ్లు పండే రోజుల్లో, జీడిపళ్లు రాలే రోజుల్లో తోటల్లోకి వస్తాయి, అదే వేళకి గింజలు ఏరడానికి ఆడవాళ్లు తెల్లవారుజామునే తోటకి వెళ్తారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, మరికొంతమంది గాయపడ్డారు, మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. ఆ తోటలకి వెళ్లే వాళ్లలో చాలామంది చేతిలో బటన్ ఫోనే. మీ యాప్‌లో ఎర్ర చుక్క వెలిగితే వాళ్లకేం తెలుస్తుంది? ఫోన్ మోగి, మన యాసలో ఒక గొంతు 'ఇయాల ఆ తోటకి ఎల్లకండమ్మా, ఎలుగుంది' అని చెప్పాలి. ఊరి మైకులో కూడా వినపడాలి. అది ముందు కట్టండి, డ్రోన్ ఆ తర్వాత.

ఇంకొక్కటి, ఇది తండ్రిగా చెబుతున్నాను. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో జంతువుల కోసం పెట్టిన కెమెరాలు, డ్రోన్లు అక్కడి ఆడవాళ్లని ఎంత ఇబ్బంది పెట్టాయో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ 2024లో రాశాడు. కట్టెలకీ ఆకులకీ అడవికి వెళ్లే ఆడవాళ్ల మీదకి కావాలనే డ్రోన్ తిప్పారట, బహిర్భూమికి వెళ్లిన ఒక అమ్మాయి ఫొటో ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందట. మన మందస, సీతంపేట కొండల్లో సవర ఆడవాళ్లు చింతపండుకీ అడ్డాకులకీ వెళ్లేది ఆ దారుల్లోనే. మనిషి కనపడిన ఫొటో మెషీన్‌లోనే అప్పటికప్పుడు చెరిగిపోయేలా మీ సాఫ్ట్‌వేర్ రాయండి, తర్వాత చేస్తాం అని వాయిదా వెయ్యకండి. ఏ ఊళ్లో ఎగరేసినా ముందు ఆ ఊరి ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి, ఎప్పుడు ఎగరేస్తారో చెప్పి, వద్దన్న చోట మానేయండి. జంతువులు ఉండే చోటు, గూళ్ల లొకేషన్ ఎక్కడా బయట పెట్టకండి, గుడ్ల కోసం తిరిగేవాడు కూడా మీ మ్యాప్ చూస్తాడు.

అందుకని ఇలా చెయ్యి. సంక్రాంతికి నువ్వొక్కదానివి ఇంటికి రా, తేలినీలాపురం వెళ్లి టవర్ మీద కెమెరా ఎక్కడ పెట్టొచ్చో మనిద్దరం చూద్దాం, రేంజర్ గారితో మాట్లాడి అనుమతి కాగితం సంగతి కూడా అప్పుడే అడుగుదాం. టీంని శివరాత్రి దాటాక తీసుకురా, తాబేళ్లు బాగా వచ్చే రోజులవి. పలాసలో దిగితే నేను బండి పంపిస్తాను, బారువ వైపు నాకు తెలిసిన కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లతో రెండు రాత్రులు నడిచాకే డ్రోన్ పెట్టె తెరవండి. తాబేళ్ల కోసం అనుకున్న ఆ థర్మల్ కెమెరాకి ఆర్డర్ పెట్టేశారా, ఇంకా లేదా? లేకపోతే ఆపించు, ఆ డబ్బుతో ఒక సీజన్ అంతా ఇద్దరు కాపలా కుర్రాళ్లకి జీతం వస్తుందేమో మీ మేనేజర్‌ని అడిగి నాకు రాయి.

మీ నాన్న