మావా, ఆ ఆరువందల అరవై ఎంబీల పాట గురించి

ఒరేయ్ మావా,

మొన్న ఫోన్‌లో నువ్వు నవ్విన నవ్వు ఇంకా చెవిలో మోగుతూనే ఉంది. "ఒకే పాటని నాలుగుసార్లు కొన్నావా, నీకు పిచ్చి ముదిరిందిరా" అన్నావు చూడు, అప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉంది, మా ఆవిడ పక్కనే ఉంది. అప్పటినుంచి నేను హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే చాలు, "ఇది ఎన్నోసారి కొన్నదండీ?" అని అడిగి మరీ వెళుతోంది. ఫోన్‌లో నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఇలా పొడుగ్గా రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పేసుకుంటా. అవును, నాలుగుసార్లు కొన్నా. డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీ, ఆయన జాజ్ బ్యాండు జాజ్ మెసెంజర్స్ వాళ్ల 'మోనిన్', అదే పేరున్న ఆల్బమ్‌లోది. ఒక పాత సీడీ, దాని మీద ఒక రీమాస్టర్ సీడీ (పాత టేపు నుంచి మళ్లీ కొత్తగా తయారుచేసింది), ఒక ఎల్పీ, చివరికి 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ డౌన్‌లోడ్. దాని కోసం డాక్ అనే ఒక చిన్న డబ్బా కూడా కొన్నా. అంకెల్ని కరెంటుగా మార్చి హెడ్‌ఫోన్స్‌కి పంపే డబ్బా అది. ఎంతకి కొన్నానో మాత్రం అడక్కు, ఈ ఉత్తరం మా ఆవిడ కూడా చదువుతుంది.

అసలు ఇది మొదలైంది సంగీతంతో కాదు, రోడ్డుతో. ఇక్కడ న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ నుంచి ఒక గంట పైకి వెళితే హ్యాకెన్‌శాక్ అనే ఊరొస్తుంది. మన తెలుగువాళ్లు ఆ దారిన పెళ్లిళ్లకీ పూజలకీ ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు, నేనూ వెళ్లాను. ఆ ఊళ్లోనే, 1958 అక్టోబరు 30న, రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన తన అమ్మానాన్నల ఇంటి హాల్లో ఈ ఆల్బమ్ రికార్డు చేశాడు. హాలంటే నిజంగా ఇంటి హాలేరా, మన ఇళ్లలో సోఫా వేసుకుని చుట్టాల్ని కూర్చోబెట్టే గది లాంటిది. ఆ ఇల్లు కట్టేటప్పుడే హాలు పక్కన ఒక కంట్రోల్ గదీ, మధ్యలో అద్దాల కిటికీ పెట్టించుకున్నాడట. పగలు ఆయన ఉద్యోగం ఏంటో తెలుసా? కళ్లు పరీక్షించి కళ్లజోళ్లు రాసిచ్చే ఆప్టోమెట్రిస్టు. ఆ సంపాదనతో మైకులు కొనేవాడు. మైకులు ముట్టుకోవాలంటే చేతులకి గ్లౌజులు వేసుకునేవాడు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మా తాతయ్య రేడియో దగ్గర ఇలాగే ఉండేవాడు, గుర్తుందా, స్టేషన్ మార్చాలంటే ఆయన్నే లేపాలి.

ఒక ఆదివారం చూద్దామని వెళ్లా. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 1959లో ఆయన అక్కడికి దగ్గర్లోనే ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో కొత్త స్టూడియో కట్టుకున్నాడు. చెక్క దూలాలతో, గుడి మండపం అంత ఎత్తు పైకప్పుతో, 39 అడుగులు. అది ఉంది. లోపలికి వెళ్లే పని లేదు కాబట్టి కాసేపు కారు పక్కకి ఆపి, చెట్ల మధ్య నుంచి కనిపించినంత చూసి వచ్చేశా. మా వాడు వెనక సీట్లోంచి "నాన్నా, వాట్ ఆర్ వీ లుకింగ్ ఎట్?" అన్నాడు. ఏం చెప్పను.

సరే, పాట దగ్గరికొస్తా. ఇది హార్డ్ బాప్ అనే రకం జాజ్. దానికి పెద్ద నిర్వచనాలు అక్కర్లేదు. 1940ల్లో బీబాప్ అని ఒకటొచ్చింది, మహా వేగం, మహా లెక్కలు, వినేవాడు కాలు కదిపే లోపు పాట అయిపోయేది. 1950ల మధ్యకి వచ్చేసరికి బ్లేకీ, పియానో వాయించే హొరేస్ సిల్వర్ లాంటివాళ్లు ఆ లెక్కలు అలాగే ఉంచి, అందులోకి తాము పెరిగిన నల్లవాళ్ల చర్చినీ బ్లూస్‌నీ మళ్లీ తీసుకొచ్చారు. అంతే. ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, బేస్, డ్రమ్స్, ఎక్కువగా ఈ అయిదే.

'మోనిన్' మొదట్లో ఏం జరుగుతుందో వింటే నీకు వెంటనే మన ఊరు గుర్తొస్తుంది, ఇది మాత్రం నేను గ్యారంటీ ఇస్తా. పియానో ఒక మాట అంటుంది. ఆగుతుంది. మిగతావాళ్లంతా కలిసి రెండే రెండు దెబ్బలతో జవాబిస్తారు. చర్చిలో పాస్టరుగారు ఒక మాటంటే జనం "ఆమెన్" అంటారు కదా, అదన్నమాట. నాకు మాత్రం మొదటిసారి విన్నప్పుడు చర్చి గుర్తు రాలేదు, సంక్రాంతికి మీ వీధి చివర చెప్పించిన బుర్రకథ గుర్తొచ్చింది. కథకుడు ఒక చరణం అని ఆగితే వంతలిద్దరూ "తందాన తాన" అని అందుకుంటారు చూడు. ఆ ఆగడంలోనే ఉంది మజా అంతా. 'మోనిన్' రాసిన పియానిస్టు బాబీ టిమ్మన్స్ పాస్టరైన తాతగారి దగ్గర పెరిగినవాడు. వీడు కచేరీల్లో పాటకీ పాటకీ మధ్య ఈ చిన్న ముక్క ఊరికే వాయించేవాడట. శాక్సఫోన్ వాయించే బెన్నీ గోల్సన్ విని, ఒరేయ్ దీనికి మధ్యలో ఇంకో భాగం రాయి, ఇదే పాటవుతుంది అని వెంటపడ్డాడు. లేకపోతే అదలా చేతి వేళ్ల దురద కింద పోయేదే. గోల్సన్ 2024 దాకా బతికాడు, 95 ఏళ్లు.

ట్రంపెట్ వాయించిన లీ మోర్గన్‌కి ఆ రోజుకి 20 ఏళ్లు. మనం 20 ఏళ్లకి ఏం చేస్తున్నామో ఆలోచించు, సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి లైన్లో నిలబడ్డాం. వాడు అక్కడ నిలబడి వాయిస్తే, వాడు ఆపిన చివరి ముక్కనే పట్టుకుని గోల్సన్ తన వంతు మొదలుపెడతాడు, వేలు పట్టుకుని రోడ్డు దాటినట్టు. నా సీడీల్లో ఒకదాని మొదట్లో ఒక అర నిమిషం మోర్గన్, వాన్ గెల్డర్ మాట్లాడుకోవడం ఉంటుంది, బూరా కాస్త ఊది చూసుకోవడం, అంతే, పాట కూడా కాదు. ఆ అర నిమిషం నేను ఎన్నిసార్లు విన్నానో. ఆ కుర్రాణ్ని 1972 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో వాయిస్తున్న క్లబ్బులోనే, అతనితో కాపురం చేస్తున్న ఆవిడే కాల్చింది. బయట మంచు తుఫాను, అంబులెన్సు రావడం ఆలస్యమైంది. 33 ఏళ్లు. ఇది తెలిశాక ఆ గొంతు మామూలుగా వినడం కుదరదు.

ఇక నువ్వు వెక్కిరించిన ఆ అంకెల సంగతి. సీడీ అంటే 16 బిట్లు, సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని సెకనుకి అన్నిసార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్ల అంకెగా రాసుకోవడం. నేను కొన్నది 24 బిట్లు, సెకనుకి 1,92,000. తొమ్మిదిన్నర నిమిషాల 'మోనిన్' సీడీ లెక్కలో వంద ఎంబీ అయితే, ఇందులో కుదించకుండా ఆరువందల అరవై. అంటే ఆరున్నర రెట్లు బాగుండాలి కదా? అలాగే అనుకున్నా నేనూ. మొదటి రాత్రి విన్నప్పుడు నిజంగానే ఆరున్నర రెట్లు అనిపించింది కూడా. తెర తీసినట్టు, మసక తుడిచినట్టు, ఈ హైఫై పిచ్చోళ్లు రాసే మాటలన్నీ నాకూ వచ్చేశాయి.

తర్వాత బుద్ధి తక్కువై పరీక్ష పెట్టుకున్నా. కంప్యూటర్లో ఆ పెద్ద ఫైలునే సీడీ కొలతకి దించి, రెండింటినీ ఒకే వాల్యూంలో పెట్టి, ఏది ఏదో నాకు తెలియకుండా మా ఆవిడ చేత మార్పించా. 20 సార్లు. 11 సరిగ్గా చెప్పా. అంటే బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఆవిడ నవ్వలేదు, అదే భయం వేసింది. "ఇప్పుడు ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయొచ్చా?" అంది.

ఇందులో నా చెవుల తప్పేం లేదురా. సీడీ కొలతలో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, చిన్నపిల్లలే 20 దాటి వినలేరు, నలభై దాటిన మనం 15 దగ్గరే ఆగిపోతాం. 16 బిట్లంటే మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల జాగా, 1958 నాటి టేపుకి ఉన్నదే అరవయ్యో డెబ్బయ్యో. చిన్న చెంబుడు నీళ్లు పెద్ద గంగాళంలో పోసినట్టు. 2007లో బోస్టన్ ఆడియో సొసైటీ వాళ్లు ఇదే పరీక్ష అయిదువందలకి పైగా సార్లు చేయిస్తే సరైన జవాబులు సగం దగ్గరే ఆగాయి. 2016లో లండన్‌లో ఒక ప్రొఫెసర్ అంతకుముందు జరిగిన 18 ప్రయోగాల్ని కలిపి లెక్కేస్తే నూటికి 52 వచ్చింది, కాబట్టి తేడా బొత్తిగా లేదని కూడా అనలేం. ఆ రెండు శాతం మీద ఎంత వ్యాపారం నడుస్తోందో చూడు.

అయితే ఆ 2007 వాళ్లే ఇంకో మాట కూడా రాశారు, నాకు కావాల్సింది అదే. ఇలా ఎక్కువ బిట్లున్న హై-రెజల్యూషన్ డిస్కుల్లో చాలావరకు మామూలు సీడీల కంటే నిజంగానే బాగున్నాయి, కానీ బిట్ల వల్ల కాదు, వాటిని తయారుచేసినవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టడం వల్ల అని. ఇది చదివాక నా పాత సీడీలు తీసి ఆ కొత్త ఫైలుతో పోల్చా. మావా, 20కి 20! మా ఆవిడ మీట నొక్కిన రెండు సెకన్లలో చెప్పేశా. రీమాస్టర్ సీడీలో అంతా ముందుకొచ్చి మీద పడుతుంది, వాల్యూం పెంచితే ట్రంపెట్ చెవిలో గుచ్చుకుంటుంది. కొత్త ఫైలులో జిమీ మెరిట్ బేస్ తీగ మీద వేలు జరగడం తెలుస్తుంది, డ్రమ్ము చప్పుడు ఆగాక గది చప్పుడు కాస్త మిగులుతుంది. విచిత్రం ఏంటంటే ఆ రీమాస్టర్ చేసిందీ వాన్ గెల్డరే! 1999 నుంచి తన పాత టేపుల్ని తనే 24 బిట్లలోకి ఎక్కించాడు. అంటే అక్కడా 24 బిట్లే. కాబట్టి నాలుగోసారి డబ్బు పెట్టి నేను కొన్నది ఆ అంకెల్ని కాదు, ఆ టేపుని ఇంకొకళ్లు ఇంకోసారి ఓపిగ్గా విని దించిన పనిని. దాన్నే సీడీ కొలతలో అమ్మినా నాకు చాలేది, అలా చెబితే ఎవరూ ఎక్కువ రేటు ఇవ్వరు, అది వేరే సంగతి.

ఇందులోనే ఒక దెబ్బ కూడా తిన్నా. ఇంకో హార్డ్ బాప్ ఆల్బమ్, ఒక ఆన్‌లైన్ దుకాణంలో 24/192 అని రాసి ఉంటే కొన్నా. ఏదో అనుమానం వచ్చి స్పెక్ట్రం, అంటే ఏ కిలోహెర్ట్జ్ దాకా శబ్దం ఉందో చూపించే బొమ్మ, గీయించి చూస్తే సరిగ్గా 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది, ఆ పైన నల్లగా ఏమీ లేదు. అసలు టేపు నుంచి దించితే పైదాకా పల్చగా పొగలాగా టేపు బుస కనిపించాలి, మెల్లగా తగ్గుతూ పోవాలి. ఇది సీడీనే సాగదీసి పెద్ద డబ్బాలో పెట్టి అమ్మారన్నమాట. బొమ్మతో సహా మెయిల్ పెడితే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. పాలల్లో నీళ్లు కలిపినవాడు కూడా కనీసం ఒట్టేసి అబద్ధం చెబుతాడు.

ఇంకోటి, స్టీరియో, అంటే ఎడమకీ కుడికీ వేరువేరు శబ్దం, అని మనం తెగ ఇదైపోతాం కానీ, ఆ రోజుల్లో హాల్లో వాయిస్తుంటే నేరుగా రెండు ట్రాకుల టేపు మీదకే పడిపోయేది. తర్వాత మిక్సింగ్ అంటూ లేదు. డ్రమ్స్ చప్పుడు ట్రంపెట్ మైకులోకి పోతుంది, పోనీ, అంతే. ఒకడు తప్పు వాయిస్తే అయిదుగురూ మళ్లీ వాయించాలి. అందుకే బ్లూ నోట్ కంపెనీ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్ రికార్డింగుకి ముందు రిహార్సల్సుకి కూడా డబ్బులిచ్చేవాడు, ఆ రోజుల్లో మిగతా కంపెనీలు అంత చేసేవి కావు. వాన్ గెల్డరే చెప్పాడు, స్టీరియోలో రికార్డు చేస్తూ కూడా అక్కడ కూర్చుని విన్నది మోనోలోనేనట, అంతా ఒకటిగా కలిపి. ఇప్పుడు మనం అయిదువందల డాలర్ల హెడ్‌ఫోన్స్‌లో ఎడమా కుడీ అని వెతుక్కుంటున్నాం!

ఇలాంటి టేపులు ఇంకా బయటికొస్తున్నాయి, అది మాత్రం నాకు పండగ. 1959 మార్చి 8న అదే హాల్లో మెసెంజర్స్ ఒక ఆల్బమ్ రికార్డు చేశారు, ఈసారి శాక్సఫోన్ మీద గోల్సన్ బదులు హ్యాంక్ మోబ్లీ. తర్వాతి నెలలో బర్డ్‌ల్యాండ్ క్లబ్బులో అవే పాటలు ఎక్కువ భాగం జనం ముందు వాయిస్తే లయన్‌కి అది నచ్చి దాన్ని విడుదల చేసి, దీన్ని అలమారలో పడేశాడు. 2020లో 'జస్ట్ కూలిన్' అని బయటికొచ్చింది, 61 ఏళ్లకి. లాక్‌డౌన్‌లో విన్నా నేను. వినడానికి ఒక్కరూ మిగల్లేదురా ఆ అయిదుగురిలో.

నిన్ను ఇదంతా వినమనడానికి అసలు కారణం వేరే. బ్లేకీ. నువ్వు టెన్త్ దాకా మృదంగం నేర్చుకున్నావు, ఎంసెట్ అని మీ నాన్నగారు మాన్పించారు, ఇప్పటికీ మీటింగుల్లో టేబుల్ మీద వేళ్లతో చాపు తాళం వేస్తావని మీ ఆవిడ చెప్పింది. ఈయన్ని నువ్వు వినాలి. ఎడమకాలితో హై-హ్యాట్ అనే జంట తాళాల్ని రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మేకు దిగ్గొట్టినట్టు వేస్తూనే ఉంటాడు, పైన ఏం జరిగినా అది మారదు. ఎవరైనా సోలోలో, అంటే తన ఒక్కడి వంతులో, కాస్త నీరసపడితే వెనక నుంచి స్నేర్ డ్రమ్ము మీద ఒక రోల్, ఆగకుండా గడగడమనే దెబ్బలు, లేపుతాడు, దూరంగా వాన మొదలై దగ్గరికొచ్చినట్టు, ఆ కుర్రాడు ఇంక చచ్చినట్టు లేచి వాయించాల్సిందే. 1990లో పోయేదాకా ఆ బ్యాండుని నడిపాడు, కుర్రాళ్లు రావడం, తేరడం, వెళ్లిపోయి సొంత బ్యాండులు పెట్టుకోవడం. అదే ఆల్బమ్‌లో 'డ్రమ్ థండర్ సూట్' అని ఒకటుంది, అందులో మామూలు పుల్లలు పక్కన పెట్టి మెత్తటి తలలున్న మాలెట్లతో వాయిస్తాడు. నీ తని ఆవర్తనం చెవులతో విను అది.

నువ్వు డాక్ కొనక్కర్లేదు, ఏ డబ్బా కొనక్కర్లేదు. వచ్చే వారం మా తోడల్లుడు విజయవాడ వస్తున్నాడు, అతని చేత నా పాత సీడీ పంపిస్తున్నా. మీ పాత కారులో ప్లేయరు పనిచేస్తోందన్నావుగా, అద్దాలు ఎక్కించి ఏసీ ఆపి పెట్టుకో, చెమట పడితే పట్టనీ. 'మోనిన్'లో మోర్గన్ సోలో నడుస్తుండగా బ్లేకీ ఆ రోల్ లేపుతాడు కదా, అది ఏ దెబ్బ మీద ఎత్తుకున్నాడో లెక్కపెట్టి చెప్పరా. నాలుగు కాపీల్లోనూ వెతికా, నాకు ప్రతిసారీ అది మొదలయ్యాకే తెలుస్తోంది.

నీ
మావా