డల్లాస్‌కి పదహారు గంటలేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖ నుంచి డల్లాస్ ఎంత దూరమని పక్కింటి కుర్రాణ్ణి అడిగితే ఫోన్‌లో చూసి చెప్పాడు: దాదాపు 14,400 కిలోమీటర్లు, విమానంలో 16 గంటలు. నాకు నవ్వొచ్చింది. కిందటేడు అమ్మాయి పురిటికి వెళ్లినప్పుడు సీతమ్మధారలో ఇంటికి తాళం వేసింది మొదలు దాని గుమ్మం తొక్కేదాకా 37 గంటలు పట్టింది.

కిలోమీటర్ల లెక్క తప్పు కాదు. బడిలో సోషల్ చెప్పినదాన్ని కదా, గ్లోబు మీద దారం పెట్టి చూశాను. మనం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాం, డల్లాస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉంది. కలిపితే సరిగ్గా 180. అందుకే దారం నేపాల్, సైబీరియా దాటి ఉత్తర ధ్రువం మీదుగా కెనడాలోకి దిగుతుంది. పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అలా నేరుగా వెళ్లే విమానమే మనకి లేదు.

నేను వెళ్లింది హైదరాబాద్, దుబాయ్ మీదుగా. అలా వెళ్తే మొత్తం 16,000 కిలోమీటర్ల లోపే. చుట్టు తిరిగింది 1,600 కిలోమీటర్లయితే, విమానానికి అది రెండు గంటల పని. ఎక్కి దిగే వేళలతో కలిపి మూడు విమానాల్లో కూర్చున్నది 21 గంటలు. మిగతా 16 గంటలూ నేల మీదే గడిచాయి. హైదరాబాద్ టికెట్ విడిగా తీసుకుంటే చవకని ఏజెంటు చెబితే నమ్మాను. అమెరికా టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకెళ్లొచ్చు, ఈ విడి టికెట్ మీద 15 కిలోలే. బాలింత పథ్యం పొడులకి అదనంగా డబ్బు కట్టాను. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది పోతుందన్న టెన్షన్‌తో ముందే వెళ్లి, పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్ఇన్ చేసేదాకా ఏడు గంటలు కూర్చున్నాను. టికెట్లన్నీ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద తీసుకోవాలని తర్వాత తెలిసింది. ఈ బాధ పడలేక గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్లే పెద్దవాళ్లూ మా వీధిలో ఉన్నారు.

ఇక్కడి రన్‌వే నేవీది కాబట్టి వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగ అవసరాలు పోను మిగిలిన వేళలే పౌర విమానాలకు దక్కుతున్నాయని ఇన్నాళ్లూ సర్దుకున్నాం. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో 3,800 మీటర్ల రన్‌వే అంటున్నారు, సంతోషం. ఆ రన్‌వే మీద నుంచి గల్ఫ్‌కి వారం పొడవునా, అమెరికా విమానాలు అందుకునే వేళకి ఒక సర్వీసు నడిస్తే నాలాంటివాళ్లకి హైదరాబాద్ మజిలీ తప్పుతుంది. మన ఎంపీలూ ఎమ్మెల్యేలూ విమాన సంస్థలతో మాట్లాడాల్సింది దీని గురించే.

ఇంకో సంగతి. గాజువాక వాళ్లకి ఇప్పటి ఎయిర్‌పోర్టు పక్కనే. భోగాపురం వెళ్లాలంటే ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, తగరపువలస అన్నీ దాటాలి. సింగపూర్‌కి నాలుగు గంటలైతే, ఎయిర్‌పోర్టుకి వెళ్లడానికే రెండు గంటలయ్యేట్టుంది. అందుకని గాజువాక నుంచీ, ద్వారకా బస్ స్టేషన్ నుంచీ విమానాల వేళలకి సరిపడేలా రాత్రిళ్లు కూడా ఆర్టీసీ బస్సులు నడపాలి. పెద్ద పెట్టెలు రెండు పెట్టుకునే జాగా ఉన్న బస్సులైతేనే పనికొస్తాయి. ఆ టైంటేబుల్ మీ పత్రిక జిల్లా పేజీలో రోజూ వేయాలని మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సీతమ్మధార, విశాఖపట్నం