'ఇఫ్' వాక్యాలు మూడు రకాలే అని నేర్పకండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో ఈమధ్య వచ్చిన ఇంగ్లిష్ గ్రామర్ పాఠం గురించి రాస్తున్నాను. 'ఇఫ్' వాక్యాలు, అంటే 'ఇలా అయితే అలా' అని షరతు చెప్పేవి, మూడు రకాలు (జరగగలిగేది, ఇప్పుడు లేనిది ఊహించేది, గతంలో జరగనిది ఊహించేది), ఒకదాని సగం ఇంకోదానికి తగిలించకూడదు అని చెప్పి అక్కడితో ఆపేశారు. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ట్యూషన్ చెబుతాను, మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగ పరీక్షల్లో ఇంగ్లిష్, అందుకే ఇలాంటి ఒక్క ముక్క వాళ్లను ఎంత తిప్పలు పెడుతుందో రోజూ చూస్తున్నాను.

మొన్న ఒకమ్మాయి దిద్దిన మోడల్ పేపర్ పట్టుకొచ్చింది. "ఇఫ్ షి హాడ్ టేకెన్ ది మెడిసిన్ యెస్టర్‌డే, షి వుడ్ బి ఫైన్ నౌ" అని రాస్తే, 'వుడ్ బి' కింద ఎర్ర గీత గీసి పైన 'వుడ్ హావ్ బీన్' అని రాసి మార్కు కోసేశారు. ఆ అమ్మాయి రాసిందే కరెక్టు! మందు వేసుకోవాల్సింది నిన్న, బాగుండాల్సింది ఇప్పుడు. రెండు సగాల కాలాలు వేరైతే క్రియల రూపాలూ వేరుగానే ఉంటాయి, దీన్నే మిక్స్‌డ్ కండిషనల్ అంటారు, ఇంగ్లిష్ వాళ్లు రోజూ వాడేదే.

ఉదాహరణకు మా ఊరి సంగతే చూడండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాస్ ప్రావిన్స్ నుంచి ఇటు కలిసింది. "ఇఫ్ పర్లాకిమిడి హాడ్ స్టేడ్ ఇన్ మద్రాస్ ప్రావిన్స్ ఇన్ 1936, వి వుడ్ బి ఇన్ ఆంధ్రప్రదేశ్ టుడే." అటే ఉండిపోవడమన్నది అప్పటి మాట కాబట్టి 'హాడ్ స్టేడ్', మనం ఆంధ్రలో ఉండటం ఇవాళ్టి మాట కాబట్టి 'వుడ్ బి'. తెలుగులో 'ఉండేవాళ్లం' అంటే నిన్నటికీ సరిపోతుంది, ఇవాళ్టికీ సరిపోతుంది, పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే.

తిరగేసినా కుదురుతుంది. "ఇఫ్ ఐ న్యూ ఒడియా బెటర్, ఐ వుడ్ హావ్ గాట్ దట్ జాబ్ లాస్ట్ ఇయర్." ఒడియా అంతంతమాత్రంగా రావడం ఇప్పటికీ ఉన్నదే, ఉద్యోగం చేజారింది నిరుడు. ఈ మాట ఇక్కడ ఎంతమంది తెలుగు కుర్రాళ్ల నోట వింటామో!

అలాగని ఏది పడితే అది కలిపేయమని కాదు. "ఇఫ్ ఐ వుడ్ హావ్ స్టడీడ్" అని మొదటి సగంలోనే 'వుడ్' పెట్టేస్తారు, అమెరికాలో మాటల్లో కొందరు అలా అంటారు గానీ పరీక్షలో అది తప్పే. "ఇఫ్ ఐ విల్ స్టడీ, ఐ వుడ్ పాస్" కూడా అంతే.

వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. మీరూ పిల్లల నోట్లో ఉన్న తెలుగు నుంచే మొదలుపెట్టండి: జరగనిది ఎప్పటి సంగతి, దాని ఫలితం ఎప్పటిది? ఈ రెండూ తేల్చుకున్నాకే క్రియ రాయమనండి. ఆ పాఠానికి సవరణ వేసి, మిక్స్‌డ్ కండిషనల్స్ మీద విడిగా ఒక పూర్తి పాఠం ఇవ్వండి. మీ పేజీని కత్తిరించి నోట్సులో అంటించుకునే పిల్లలు మహేంద్రతనయ నదికి ఇటువైపూ ఉన్నారు, వాళ్ల పరీక్షలు దగ్గరపడకముందే వేస్తే మేలు.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా