సకినాలు అమ్ముకోవాలంటే ఇంటి ఓనర్ సంతకం కావాలి

తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను, మా తోటికోడలు కలిసి సకినాలు, మురుకులు చేసి అమ్ముతాం. తెల్లవారుజామున లేచి, తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద తెల్ల పంచె పరిచి చుట్లు చుడతాం. కాస్త ఆరాకే నూనెలో వేస్తాం. చేతులు నొప్పి పెడతాయి గానీ ఆ పనిలో మాకు టెన్షన్ లేదు. టెన్షనంతా కాగితాలతోనే.

మా అమ్మకాలు ఏడాదికి జీఎస్టీ పరిమితి 20 లక్షల్లో సగం కూడా ఉండవు. కానీ సరుకు ఆన్‌లైన్‌లో బెంగళూరుకు పంపాలంటే జీఎస్టీ నంబర్ ఉండాల్సిందే. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, ఓటీపీతో కూర్చున్నచోటే అయిపోయింది. రూపాయి కట్టలేదు, ఒక్క కాగితం అప్‌లోడ్ చేయలేదు. జీఎస్టీ కూడా ఇంతేననుకున్నాం.

మేముండేది అద్దె ఇల్లు. కరెంటు బిల్లు ఇంకా ఇంటి ఓనర్ తండ్రి పేరు మీదే వస్తోంది. ఆయన పోయి ఆరేళ్లు. ఆ బిల్లు పెడితే 'యజమాని పేరు సరిపోలడం లేదు, వివరణ ఇవ్వండి' అని నోటీసు వచ్చింది. ఏడు పనిదినాల గడువు. అద్దె ఒప్పందం రాసివ్వమని ఇంటాయన్ని అడిగితే, "రేపు కమర్షియల్ మీటరు పెట్టమంటారు, ఇంటి పన్ను పెంచుతారు, నాకెందుకమ్మా ఈ గొడవ" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆ భయం ఉత్తదేనని నేనెలా చెప్పను? ట్రేడ్ లైసెన్సుకు వెళ్తే అక్కడా అదే బిల్లు, అదే సంతకం అడిగారు. మా దరఖాస్తులన్నీ ఆ ఒక్క సంతకం దగ్గరే ఆగిపోయాయి.

పరిశ్రమలకు గడువులోగా అనుమతులిచ్చే టీఎస్-ఐపాస్ చట్టం మన రాష్ట్రంలో 2014 నుంచీ ఉంది. పెద్ద కంపెనీ స్వీయ ధ్రువీకరణ ఇస్తే మీరు నమ్ముతారు, గడువు దాటితే అనుమతి వచ్చినట్టే లెక్క. రెండు గదుల్లో పొయ్యి పెట్టుకున్నవాళ్ల మాటెందుకు నమ్మరు? ఈ చిరునామాలో మేమే ఉంటున్నామని రాసిస్తాం, అబద్ధమైతే రిజిస్ట్రేషన్ రద్దు చేయండి. ఇంటి నంబరు కొడితే మున్సిపాలిటీ రికార్డులో పన్ను వివరాలు మీకే కనిపిస్తాయి కదా. మళ్లీ మా చేత జిరాక్సులెందుకు?

జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు అనవసరమైన కాగితాలు అడగొద్దని కేంద్ర పన్నుల బోర్డు 2025 ఏప్రిల్‌లో అధికారులకు ఆదేశాలిచ్చింది. ఆ మాట మన ఊళ్లలోని సర్కిల్ ఆఫీసుల దాకా వచ్చేలా చూడండి. జీఎస్టీ, మున్సిపాలిటీ, కరెంటు మీ శాఖవి కావని తెలుసు. మా తంటా కూడా అదే, ఎవరినడిగినా పక్క శాఖనే చూపిస్తున్నారు. ఆ శాఖల వాళ్లను ఒక్కరోజు మీరే కూర్చోబెట్టండి. ఇంట్లో చేసే చిన్న పనికి మీటరు, ఇంటి పన్ను ఎప్పుడు మారతాయో, ఎప్పుడు మారవో ఒక కాగితం మీద తెలుగులో రాయించండి. అది తీసుకెళ్లి మా ఇంటాయనకు చూపిస్తాను.

ఇట్లు,
ఓ సకినాల వ్యాపారి