పద్దెనిమిది దాటిన మగపిల్లాడికి ఏ సెక్షన్?

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పోయిన చలికాలంలో నా పాత విద్యార్థి ఒకడు పొద్దుగూకినాక ఇంటికొచ్చాడు. (వాణ్ణి అడిగే, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను.) వయసు పంతొమ్మిది. కాకినాడకు బియ్యం తోలే లారీ మీద క్లీనర్. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, రాత్రి లారీ ఆపిన చోట క్యాబిన్‌లో డ్రైవర్ తనను ఏం చేశాడో నాలుగు మాటల్లో చెప్పాడు. అప్పటికే ఒక ఠాణాకు పోయొచ్చాడట. అక్కడ కూర్చున్నాయన నవ్వి, "మొగోనివేనారా నువ్వు? గాణ్ణి నూకలేకపోయినవా?" అన్నాడట. దరఖాస్తు తీసుకోలేదు.

దాచడం దేనికి, ఆ "నూకలేకపోయినవా" నా నాలుక చివరిదాకా కూడా వచ్చింది. మింగేశాను. అదే ఒక ఆడపిల్ల వచ్చి చెప్పుకుంటే అలా అడగాలన్న ఊహకే సిగ్గుపడేవాణ్ణి. ఆడపిల్లల్నీ అడిగేవాళ్లున్నారు, కాదనను.

మర్నాడు తెలిసిన వకీలు దగ్గరికి తీసుకుపోయాను. పద్దెనిమిది నిండకపోతే 2012 నాటి పోక్సో చట్టం ఉంది, దాంట్లో ఆడపిల్ల, మగపిల్లాడు అన్న తేడా లేదన్నాడు. నిండితే భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ చూడాలి. దాని ప్రకారం అత్యాచారం అంటే మగవాడు ఆడమనిషి మీద చేసేది మాత్రమే. పాత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది, మగవాడి మీద మగవాడు చేసినా అది వర్తించేది. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల జోలికి పోవద్దని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది, మంచిదే. బలవంతాన్ని మాత్రం నేరంగానే ఉంచింది. పదేళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. 2024 జూలై 1న దాని స్థానంలో ఈ న్యాయ సంహిత వచ్చేసరికి ఆ సెక్షన్ మొత్తమే మాయమైంది. బలవంతం వరకైనా ఉంచండని పార్లమెంటు స్థాయీ సంఘం 2023లోనే చెప్పినా వినలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టుకు పోతే, చట్టం చేయడం పార్లమెంటు పని అంది.

మరి మా వాడికి ఏముంది? ఒంటి మీద పెద్ద గాయాల్లేవు కాబట్టి 115(2), అంటే మామూలుగా కొట్టినదానికి పెట్టే కేసు. ఎక్కువలో ఎక్కువ ఏడాది. అది కూడా మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. కావాలంటే అక్రమ నిర్బంధం జతచేయొచ్చట. చెంపదెబ్బ కొట్టినవాడికీ, వీణ్ణి ఇలా చేసినవాడికీ ఒకటే సెక్షన్! పుట్టినరోజు ముందురోజు రాత్రి ఘోరమైనది, తెల్లారితే చెంపదెబ్బ ఎలా అవుతుంది? నేను చెప్పిన ఏ లెక్కల్లోనూ ఇలాంటి తీసివేత లేదు.

మగపిల్లలకు ఇలాంటివి జరగవనుకునేవాళ్లు 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన నివేదిక చూడండి. సర్వే చేసిన 13 రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. లైంగిక హింసకు గురయ్యామన్న పిల్లల్లో 52.94 శాతం అబ్బాయిలే. వాళ్లంతా ఇప్పుడు పెద్దవాళ్లు, మన పక్కనే చాయ్ తాగుతుంటారు. ఎవరైనా నోరు విప్పారా? పెద్దావిడ ఎవరో పిల్లాడితో తప్పుగా ప్రవర్తించిందంటే "లక్కున్నోడు" అని చప్పట్లు కొట్టే చాయ్ హోటళ్లు మనవి. అక్కడెవడు విప్పుతాడు?

ఆడవాళ్ల చట్టాలు ఎత్తేయాలనే గుంపులో మాత్రం నన్ను కలపకండి. వాటిలో ఒక్క అక్షరం తీయనక్కర్లేదు. మగవాళ్లకూ, ట్రాన్స్‌జెండర్లకూ ఇంకొక సెక్షన్ పెడితే చాలు. బాధితులు ఎవరైనా కావొచ్చని ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే రాసింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎంపీలు ఈ మాట సభలో ఒక్కసారి అడగాలి.

మా వాడు లారీ మానేసి రైస్ మిల్లులో బస్తాలు కుడుతున్నాడు. ఇంట్లో నడుము నొప్పి అని చెప్పాడు. మొన్న బజార్లో వాళ్లమ్మ కలిసి, "సారూ, పిలగాని నడుముకు మంచి డాక్టరుంటే జెప్పుండ్రి" అంది.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ
(పేరు వేయవద్దని మనవి)